అరకులో బస చేసి చుట్టుపక్కల చూడడం ఎలా: రోజుకొక దిక్కుగా సాగే యాత్రకు సమగ్ర మార్గదర్శి

తెల్లవారుజామున విశాఖపట్నంలో బయల్దేరి, బొర్రా గుహలు, కటికి జలపాతం, కాఫీ తోటలు, పద్మాపురం ఉద్యానవనం, గిరిజన మ్యూజియం, చాపరాయి అన్నీ ఒక్క రోజులో చుట్టేసి, రాత్రికల్లా తిరిగి ఊరు చేరడమే అరకు యాత్ర అని చాలామంది అనుకుంటారు. ఆ పద్ధతిలో వెళ్లినవారికి రానుపోను 230 కిలోమీటర్ల ప్రయాణమే మిగులుతుంది. ఏ చోటా గంటసేపు స్థిమితంగా కూర్చునే వీలుండదు. అరకు పట్టణాన్ని గమ్యంగా కాక మజిలీగా భావించి, అక్కడ రెండు మూడు రాత్రులు ఉండి, రోజుకొక దిక్కున మాత్రమే వెళ్లి రావడం ఎంతో మేలు. ఆ విధంగా యాత్రను ఎలా కూర్చుకోవాలో ఈ వ్యాసం క్రమంగా వివరిస్తుంది.

మొదట చేయవలసిన పని: దిక్కులను విడదీసుకోవడం

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, తూర్పు కనుమల మధ్య ఉంది. గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట, చితమొగొంది కొండలు దాని చుట్టూ ఉన్నాయి. ఇక్కడి నుంచి మూడు ప్రధాన దారులు బయల్దేరుతాయి. మొదటిది సుంకరిమెట్ట, అనంతగిరి మీదుగా శృంగవరపుకోట వైపు దిగే ఘాట్ రోడ్డు. బొర్రా, కటికి, కాఫీ తోటలు ఈ దారిలోనే ఉన్నాయి. రెండవది డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు వెళ్లే రోడ్డు; చాపరాయి, మత్స్యగుండం, వంజంగి ఈ వైపువి. మూడవది ఒడిశా సరిహద్దు దాటి పాడువా, కొరాపుట్ దిశగా పోతుంది.

చూడదలచిన ప్రదేశాలన్నిటినీ ఒక కాగితం మీద ఈ మూడు దారుల కింద వేరువేరుగా రాసుకోవాలి. ఒక రోజులో రెండు దారులను కలపకూడదన్న నియమం ఒక్కటి పాటిస్తే సగం ఇబ్బందులు తప్పుతాయి. ఉదయం బొర్రా చూసి మధ్యాహ్నం చాపరాయికి పరుగెత్తేవారు అరకు మీదుగానే వెనక్కు రావాలి కనుక, వెలుగున్న గంటల్లో అధిక భాగం వాహనంలోనే గడిచిపోతుంది. కొండదారుల్లో దూరాన్ని కిలోమీటర్లతో కాక గంటలతో లెక్కవేసుకోవడం మంచిది. ముప్పై కిలోమీటర్లకు గంట పైన పట్టినా ఆశ్చర్యం లేదు.

రెండవది: నెలను బట్టి ఏం చూడాలో తేల్చుకోవడం

జూలై నుంచి సెప్టెంబరు వరకు వర్షాలు. జలపాతాలు నిండుగా ఉంటాయి, కొండలు పచ్చగా ఉంటాయి, కానీ దూరపు దృశ్యాలకు ఆశ పెట్టుకోకూడదు. బండరాళ్లు జారిపడడం వల్ల రోడ్డు, రైలు మార్గాలు ఒక్కోసారి మూతపడుతుంటాయి. అక్టోబరు చివరి నుంచి డిసెంబరు వరకు వలిసె పూలు పూస్తాయి. నూనె గింజల కోసం ఆదివాసీ రైతులు వేసే ఈ పంట లోయలో మడులకు మడులను పసుపుపచ్చగా మార్చేస్తుంది. ఫోటోల కోసం చేలలోకి దిగేవారు అది ఒకరి పంట అన్న సంగతి మరచిపోకూడదు. గట్టు మీద నిలబడి తీసుకున్నా ఫోటో బాగానే వస్తుంది, లోపలికి వెళ్లాలనుకుంటే రైతును అడగాలి. పొగమంచు, చలి కోరుకునేవారికి డిసెంబరు, జనవరి సరైనవి.

మార్చి, ఏప్రిల్ నెలలను అందరూ వదిలేస్తారు గానీ, ఆ రోజుల్లో తొలకరికి ముందు పడే ఒకటి రెండు జల్లులకు కాఫీ మొక్కలు ఒక్కసారిగా పూస్తాయి. కొమ్మ పొడవునా, ప్రతి కణుపు దగ్గర తెల్లటి గుత్తులు, మల్లెను తలపించే పరిమళం. రెండు మూడు రోజుల్లోనే ఆ పూలు వాడిపోతాయి కనుక తేదీ చూసుకుని వెళ్లి పట్టుకోవడం కష్టం, దొరికితే అదృష్టమే.

శీతకాలపు శని, ఆదివారాలు, క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా ఉన్న సెలవులు అరకులో మహా రద్దీగా ఉంటాయి. గదులు దొరకవు, ఘాట్ రోడ్డు మీద వాహనాలు గంటల తరబడి నిలిచిపోతాయి. వీలుంటే మంగళవారం నుంచి గురువారం మధ్య రోజులను ఎంచుకోవాలి.

మూడవది: చేరుకునే మార్గం

వెళ్లేటప్పుడు రైలు, తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు: ఇదే నా సలహా. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గాన్ని ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో నిర్మించారు. ఈ మార్గంలో 58 సొరంగాలు ఉన్నాయి. విశాఖ నుంచి ఉదయం ఏడు లోపే బయల్దేరే కిరండూల్ పాసింజరు శృంగవరపుకోట, బొడ్డవర దాటాక కొండ ఎక్కడం మొదలుపెట్టి, పదకొండు గంటల ప్రాంతంలో అరకు చేరుతుంది. దారిలో వచ్చే శిమిలిగుడ స్టేషను సుమారు 997 మీటర్ల ఎత్తున ఉంది. దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదిగా చాలాకాలం పేరు పొందింది. సెల్‌ఫోను మ్యాపులో ఈ పేరు వెతికేటప్పుడు కొరాపుట్ సమీపంలోని సెమిలిగుడ అనే ఒడిశా పట్టణం ఎదురవుతుంది; రెండూ ఒకటి కావు.

అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ పెట్టె ఈ రైలుకు 2017లో వచ్చింది. దాని టిక్కెట్లు చాలా ముందే అయిపోతాయి. దొరకనివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు, మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంటే గాలి కూడా తగులుతుంది.

బొర్రా గుహలు అనే స్టేషను ఈ మార్గంలోనే ఉంది కదా, అక్కడే దిగి గుహలు చూసి రోడ్డున అరకు వెళ్లిపోదామని అనుకోవడం సహజం. బరువైన సామాను లేకుండా చేతిసంచీతో వెళ్లేవారికి ఇది చక్కటి ఏర్పాటు. సామాను, పసిపిల్లలు ఉన్నవారు మాత్రం నేరుగా అరకు చేరి, గదిలో సామాను దించుకుని, గుహలను మరుసటి రోజుకు ఉంచుకోవడం మంచిది.

చేరిన రోజు మధ్యాహ్నం

సగం రోజు ప్రయాణంలో పోయింది కనుక దూరాలు పెట్టుకోకూడదు. పట్టణంలోని గిరిజన మ్యూజియానికి గంటన్నర కేటాయించాలి. ఇక్కడి ఆదివాసుల ఇళ్ల కట్టుబడి, వ్యవసాయ పనిముట్లు, నగలు, వేట సాధనాలు, పెళ్లి తంతులు అందులో ప్రదర్శించారు. తరువాతి రోజుల్లో దారి పక్కన కనిపించే ఇళ్లనూ సంతలనూ అర్థం చేసుకోవడానికి ఇది తోడ్పడుతుంది కనుక దీన్ని ముందే చూడడం ఉపయోగం. పద్మాపురం ఉద్యానవనం రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించేందుకు ఏర్పడింది. పిల్లలుంటే అక్కడి బొమ్మ రైలు వారికి నచ్చుతుంది. పెద్దవారు మాత్రమే ఉంటే ఆ సమయాన్ని పొలాల గట్ల మీద నడకకు వాడుకోవడం నా దృష్టిలో మెరుగు.

సాయంత్రం ఇక్కడి ఆదివాసుల థింసా నృత్యం చూసే అవకాశం వస్తే వదలకూడదు. స్త్రీలు ఒకరి నడుము వెనుక ఒకరు చేతులు పెనవేసుకుని వరుసగా కదులుతుంటే తుడుము, డప్పు, మోరి మోగుతుంటాయి. ఎన్ని అడుగులు ముందుకు, ఎన్ని వెనక్కు, ఎక్కడ వంగాలి అన్నది కాసేపు గమనిస్తేనే తెలుస్తుంది. వెంటనే వరుసలో దూరి ఫోటోలు దిగే ఆత్రం మానుకుని, ముందు ఒక పాట పూర్తిగా చూడడం మర్యాద.

మరునాటి ఉదయం: మేఘాల వేళ

లోయ మీద పాలసముద్రంలా పరచుకునే మంచును చూడాలంటే అది ఎలా ఏర్పడుతుందో కొంత తెలిసి ఉండాలి. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. చల్లబడిన బరువైన గాలి కొండవాలు వెంట జారి లోయ అడుగుకు చేరుతుంది. అక్కడి తేమ ఆ చలికి చిన్న చిన్న నీటి బిందువులై పొగమంచుగా మారుతుంది. కొండ మీద నిలబడిన మనకు అది కింద ఉన్న మేఘంగా కనిపిస్తుంది. ఎండ తగిలి నేల వేడెక్కగానే అది చెదిరిపోతుంది. కాబట్టి ఒకటి రెండు రోజుల కింద వాన పడి, రాత్రి నక్షత్రాలు స్పష్టంగా కనిపించి, గాలి నిమ్మళంగా ఉంటే మరునాడు మంచు దట్టంగా ఉండే అవకాశం ఎక్కువ. ముందు రోజు రాత్రి పదింటికి బయటికి వచ్చి ఆకాశం వైపు ఒకసారి చూస్తే, తెల్లవారుజామున నాలుగింటికి లేవాలో లేదో తేల్చుకోవచ్చు.

అరకులో ఉన్నవారికి మాడగడ వ్యూపాయింటు దగ్గర. సూర్యోదయానికి అరగంట ముందే పైన ఉండాలి. చీకట్లో ఆ దారి తెలిసిన ఆటో లేదా జీపు డ్రైవరును ముందు రోజు సాయంత్రమే మాట్లాడి పెట్టుకోవాలి. రాకపోకలు, పైన నిరీక్షణ అన్నీ కలిపి ధర ఎంతో అప్పుడే ఖరారు చేసుకోవడం అవసరం. ఎనిమిదిన్నరకల్లా తిరిగి వచ్చి టిఫిను చేసి ఘాట్ వైపు బయల్దేరవచ్చు.

ఘాట్ వైపు పూర్తి రోజు

ఈ దిక్కున చూడవలసినవి ఎక్కువ కనుక దీనికి నిండుగా ఒక రోజు ఇవ్వాలి. క్రమం ఇలా ఉంటే బాగుంటుంది: ముందు ఆగకుండా బొర్రాకు దిగడం, అక్కడి నుంచి కటికి, తిరుగు ప్రయాణంలో అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, దారిలో కనిపించిన ప్రతి చోటా ఆగుతూ, గుహల దగ్గరకు మధ్యాహ్నం రద్దీలో చేరుకుంటారు.

అరకు నుంచి బొర్రా సుమారు 36 కిలోమీటర్లు. గుహలను సాధారణంగా ఉదయం పది గంటల ప్రాంతంలో తెరిచి సాయంత్రం ఐదింటికి మూసివేస్తారు. మధ్యాహ్నం భోజన విరామం కూడా ఉంటుంది. విశాఖ నుంచి వచ్చే రైలు ప్రయాణికులు, టూరు బస్సులు చేరకముందే, తెరిచిన వెంటనే లోపలికి వెళ్లడం ఉత్తమం. సున్నపురాతిని వాననీరు వేల ఏళ్లుగా కరిగించగా ఏర్పడిన గుహలు ఇవి. గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకున్న నీరు స్వల్ప ఆమ్లంగా మారి రాతిని కరిగిస్తుంది. అదే నీరు పైకప్పు నుంచి చుక్కచుక్కగా రాలేటప్పుడు తనలోని సున్నాన్ని అక్కడే వదులుతుంది. అలా పైనుంచి వేలాడే ఊడలు, వాటికి ఎదురుగా నేల నుంచి లేచే స్తంభాలు పెరుగుతాయి. గోస్తనీ నది ఈ కొండలలోనే పుట్టి ప్రవహిస్తుంది. గైడ్లు టార్చి వేసి ప్రతి రాతిలోనూ ఒక దేవుణ్ణో జంతువునో చూపిస్తారు. వినడం సరదాగానే ఉంటుంది. అయితే కాసేపు వారిని వదిలి, ఒక ఊడ కొసన వేలాడుతున్న నీటి బొట్టును అది రాలేదాకా గమనించండి. ఆ రాయి పెరిగే పని మీ కళ్ల ముందే జరుగుతూ ఉంటుంది. ఊడలను చేతితో తాకకూడదు. చేతి జిడ్డు అంటిన చోట సున్నం సరిగా పేరుకోదు.

లోపల మెట్లు తడిగా ఉంటాయి. అడుగు పట్టు ఉన్న చెప్పులు లేదా బూట్లు వేసుకోవాలి. దిగడం సులువే, ఎక్కడమే ఆయాసం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు మొదటి విశాలమైన గది వరకు వెళ్లి ఆగిపోయినా గుహల పరిమాణం తెలుస్తుంది. బయట కోతులు ఉంటాయి, తినే వస్తువులు చేతిలో కనిపించనీయకూడదు.

బొర్రా నుంచి కటికి జలపాతం కొద్ది కిలోమీటర్లే అయినా దారి గతుకులతో ఉంటుంది. సొంత కారును అక్కడే నిలిపి, స్థానిక జీపులో వెళ్లి, చివర కొంత దూరం నడవాలి. వేసవిలో ధార సన్నబడుతుంది. వర్షాకాలంలో ధార కిందికి వెళ్లే సాహసం చేయకూడదు. జలపాతం దగ్గర వాన లేకపోయినా ఎగువ కొండల్లో కురిసిన వానకు నీరు ఒక్కసారిగా పెరగవచ్చు. నీటి రంగు బురదగా మారినా, ఆకులు కొమ్మలు కొట్టుకు వస్తున్నా తక్షణం ఒడ్డుకు చేరాలి. భోజనానికి బొర్రా పరిసరాల్లో బొంగు చికెన్ దొరుకుతుంది. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసాన్ని కూరి, ఆకులతో మూసి, నిప్పుల మీద కాలుస్తారు. ముందుగా కాల్చి ఉంచినదాన్ని వేడి చేసి ఇచ్చేదానికన్నా, జలపాతానికి వెళ్లేముందే చెప్పి, తిరిగి వచ్చేసరికి సిద్ధం చేయించుకోవడం తెలివైన పని.

తిరుగు ప్రయాణంలో అనంతగిరి దాటాక కాఫీ తోటలు. ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్ల మొదళ్లకు అల్లుకుని మిరియాల తీగ: ఒకే నేల మీద రెండు పంటలు. నవంబరు నుంచి జనవరి వరకు పండ్లు ఎర్రబడతాయి. ఒకే గుత్తిలో పచ్చివి, పసుపువి, ఎర్రవి కలిసి ఉంటాయి కనుక పండినవాటిని మాత్రం చేతితో ఏరి కోస్తారు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) లభించింది. సుంకరిమెట్ట దగ్గర కాఫీ తోటలో వేసిన చెక్క వంతెన మీద నడక అలసిన కాళ్లకు కూడా ఇబ్బంది కలిగించదు. గాలికొండ వ్యూపాయింటు దగ్గర సాయంత్రపు వెలుగు బాగుంటుంది. చీకటి పడకముందే అక్కడి నుంచి కదలాలి, ఎందుకంటే శీతకాలంలో పొగమంచు త్వరగా దిగి మలుపులు కనిపించవు.

పాడేరు వైపు రోజు

డుంబ్రిగుడ దగ్గర చాపరాయి ఈ దారిలో మొదటి మజిలీ. విశాలమైన బండరాయి మీద పలచగా నీరు జారే చోటు అది. ప్రమాదం ఏమీ లేనట్టు కనిపించడమే దాని ప్రమాదం. రాతి మీద పాచి పట్టిన భాగాల్లో కాలు నిలవదు, మధ్యలో లోతు తెలియని గుంతలు ఉంటాయి. పొడిగా ఉన్న రాతి మీదే నడవాలి, పిల్లల చేయి వదలకూడదు. ఇక్కడికి ఉదయం తొమ్మిదిలోపు వస్తే ప్రశాంతంగా ఉంటుంది. హుకుంపేట మండలంలోని మత్స్యగుండంలో చేపలను దైవంగా భావిస్తారు, వాటిని పట్టరు. రాళ్ల మధ్య నిలిచిన నీటిలో గుంపులుగా తిరిగే చేపలను చూడవచ్చు.

పాడేరు అరకు నుంచి సుమారు 45 కిలోమీటర్లు. మోదకొండమ్మ ఆలయం పట్టణంలోనే ఉంది. మే నెలలో అమ్మవారి జాతర జరిగే రోజుల్లో గదులు దొరకడం కష్టం. పాడేరుకు దగ్గరలోని వంజంగి కొండ మేఘాల దృశ్యానికి ప్రసిద్ధి. దీన్ని అరకు నుంచే వెళ్లి చూడాలనుకునేవారు తెల్లవారుజామున రెండున్నరకు లేచి, చీకట్లో కొండదారి ప్రయాణం చేసి, ఆపైన కొండ ఎక్కవలసి ఉంటుంది. అందుకు బదులు ఈ రోజు రాత్రికి పాడేరులోనే బస చేసి, మరునాడు తెల్లవారుజామున వంజంగి ఎక్కడం సుఖం. టార్చిలైటు, ఉన్ని టోపీ, చెవులకు మఫ్లరు తప్పనిసరి. పైన గాలి కింద ఉన్నట్టు ఉండదు. తెచ్చుకున్న ప్లాస్టిక్కును తిరిగి కిందికి తెచ్చుకోవాలి.

లంబసింగిని కూడా ఇదే రోజున చేర్చవచ్చా అని తరచుగా అడుగుతుంటారు. చేర్చకూడదు. అది చింతపల్లి మండలంలో, పాడేరు నుంచి ఇంకా అరవై కిలోమీటర్ల ప్రాంతంలో ఉంది. చలి, మంచు తెల్లవారుజామునే ఉంటాయి కనుక అక్కడికి పదకొండింటికి చేరితే చూసేది మామూలు పల్లెనే. లంబసింగి, తాజంగి జలాశయం, కొత్తపల్లి జలపాతం కలిపి నర్సీపట్నం వైపు నుంచి వేరే యాత్రగా పెట్టుకోవాలి.

ఒడిశా వైపు, ఓపిక ఉన్నవారికి

మూడవ దారిలో ప్రధాన ఆకర్షణ మాచ్‌ఖండ్ నది మీది డుడుమ జలపాతం. 150 మీటర్లకు పైగా ఎత్తు నుంచి నీరు లోయలోకి పడుతుంది. ఈ నదీజలాలతోనే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి నడుస్తోంది. ఎగువన జోలాపుట్ జలాశయం ఉంది. విద్యుత్ కోసం నీటిని మళ్లిస్తారు కాబట్టి వేసవిలో ధార బాగా తగ్గిపోతుంది. వర్షాలు తగ్గిన అక్టోబరు, నవంబరు నెలలు దీనికి అనుకూలం. పొద్దున్నే ఆరింటికి బయల్దేరి, భోజనం కట్టుకుని వెళ్లి, సాయంత్రం వెలుగుండగానే తిరిగి రావాలి. మొదటిసారి వచ్చినవారు ఈ రోజును వదిలేసుకున్నా పెద్దగా నష్టపోరు.

సామాను, డబ్బు, మర్యాద

అరకు, పాడేరు దాటితే పెట్రోలు బంకులు అరుదు కనుక బయల్దేరే ముందే ట్యాంకు నింపుకోవాలి. లోయల్లో సెల్‌ఫోను సిగ్నలు పోతూ ఉంటుంది. మ్యాపును ముందే ఫోనులోకి దింపి ఉంచుకోవాలి. ఫోను చెల్లింపులు పనిచేయని చోట్ల చిల్లర నోట్లే గతి. చెక్‌పోస్టుల వద్ద పోలీసులు, అటవీ సిబ్బంది వాహనాలను తనిఖీ చేస్తారు. గుర్తింపు కార్డు, వాహన పత్రాలు చేతికందేలా ఉండాలి. దారిలో తెలియనివారు ఇచ్చే పొట్లాలను, సంచులను వాహనంలో ఎక్కించుకోకూడదు. మన్యంలో మలేరియా ఉన్నందున సాయంత్రాలు నిండు చేతుల దుస్తులు, దోమల మందు వాడాలి. తిరిగి వెళ్లాక జ్వరం వస్తే మన్యానికి వెళ్లివచ్చిన విషయం డాక్టరుకు చెప్పాలి.

వారపు సంత ఏ ఊళ్లో ఏ రోజున జరుగుతుందో బస చేసిన చోట అడిగి, వీలైతే ఆ దారిన వెళ్లే రోజుతో కలుపుకోవాలి. పసుపు, రాజ్‌మా, చింతపండు, మిరియాలు, అడవి తేనె వంటివి పండించిన, సేకరించినవారి నుంచే కొనవచ్చు. తలపై మోసుకుని కొండ దిగి వచ్చిన సరుకు అది. అక్కడ గీచి గీచి బేరమాడడం బాగుండదు. మనుషుల ఫోటోలు తీసేముందు అడగాలి, వద్దంటే కెమెరా దించాలి.

తిరుగు ప్రయాణం

రోడ్డున వెళ్లేవారు మధ్యాహ్నం రెండింటిలోపు అరకు లేదా పాడేరు వదిలితే ఘాట్ అంతా పగటి వెలుగులో దిగవచ్చు. శృంగవరపుకోట దారిన వెళ్లేవారికి సమయం మిగిలితే గోస్తనీ మీది తాటిపూడి జలాశయం దగ్గర ఆగవచ్చు. దిగుడులో బ్రేకును అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు కోల్పోతుంది, కాబట్టి ఎక్కడానికి వాడిన గేరులోనే దిగాలి. ఎదురుగా ఎక్కి వచ్చే బండికి దారి వదలాలి. మలుపులకు కడుపులో తిప్పేవారు బయల్దేరడానికి అరగంట ముందు మాత్ర వేసుకుని ముందు సీటులో కూర్చోవాలి. రైలున వెళ్లేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: కిరండూల్ నుంచి వచ్చే బండి చాలా దూరం నుంచి రావాలి, ఖనిజం రైళ్లకు దారి ఇస్తూ ఆగుతుంటుంది, వేళ తప్పడం మామూలు. అదే రాత్రి విశాఖలో మరో రైలో విమానమో అందుకునేలా టిక్కెట్టు కొనకుండా, ఆ రాత్రికి విశాఖలోనే గది తీసుకోవాలి.